సాలూరులో దొరికేది

మే నెలలో గజపతినగరం దాటగానే పెట్రోలు మరిగి
గొంతు పట్టేసేది పద్మినికి.
బానెట్ ఎత్తి, పంపు మీద తడిగుడ్డ పరిచి,
జ్వరం పిల్ల నుదురు చూసినట్టు
చేతి వెనకవైపుతో తాకి చూసుకుంటూ నిలబడేదాన్ని.
బస్సు కిటికీల్లోంచి నా విద్యార్థులే చెయ్యి ఊపేవారు.
నాకంటే ముందు బడికి చేరేవారు.

డెబ్భై ఎనిమిది మోడలు.
నెల్లిమర్ల జూటుమిల్లు గుమాస్తా దగ్గర
చిట్టీ పాడిన డబ్బుతో కొన్నాను.
సోమవారం సాలూరు, శనివారం విజయనగరం.
మధ్యలో ఎక్కడ ఆగుతుందో దాని ఇష్టం.

రింగురోడ్డు షెడ్డులో తవిటయ్య
బండి చుట్టూ ఓసారి తిరిగి,
బీడీ చెవి మీద పెట్టుకుని అడిగాడు:
"మేస్టారమ్మా, ఇది తోలడానికా, సూడ్డానికా?"
తోలడానికే అన్నాను.
"అయితే ఒకటే లెక్క.
సాలూరులో రాత్రి తొమ్మిదింటికి దొరకని సామాను
బండిలో ఉండకూడదు."

ముందు డైనమో దింపాడు.
దాంతో పెద్దలైటు వేస్తే హారన్‌కి గొంతు పోయేది,
వైపర్లు తిరిగితే లైట్లు
దీపావళి మర్నాటి ప్రమిదలయ్యేవి.
దాని చోట మారుతీ ఆల్టర్నేటరు,
పాత ఇనప పట్టీ వంచి, రెండు చిల్లులు పొడిచి.
తర్వాత పాయింట్లు.
అగ్గిపెట్టె అట్టముక్కతో వాటి సందు కొలుచుకుంటూ
ఎన్ని వానాకాలాలు గడిపానో.
వాటి బదులు ఓ చిన్న నల్ల డబ్బీ.
"ఇందులో అరిగేదేటీ నేదు. ఇంక సూడకండి."
చూడొద్దంటే కాస్త బెంగగానే అనిపించింది.

పెట్రోలు పంపు వెనక్కి, ట్యాంకు పక్కకి పోయింది.
కరెంటుది. తాళం తిప్పితే
టక్ టక్ టక్, అచ్చం గోడ మీది బల్లి.
ఆ బల్లి పలికితేనే బయల్దేరతాను ఇప్పుడు.

ఫ్యాను మాత్రం కుదర్లేదు.
కరెంటు ఫ్యాను పెట్టిన నాలుగో రోజే
కోట జంక్షన్లో ఆవిర్లు కక్కింది.
తవిటయ్య ఏమీ అనలేదు.
పాత రెక్కల్ని కిరసనాయిలుతో తోమి
మళ్ళీ బిగించాడు. కూలి తీసుకోలేదు.

స్టీరింగు పక్కన గేరు కర్రని నేనే ముట్టుకోనివ్వలేదు.
ఊరంతా కింద వెతుక్కుంటారు,
నేను గాజుల చేత్తో పక్కనే అందుకుంటాను.
పాపం, దాని సామాను ఎక్కడా దొరకదు.
"సరే, ఒక్క పంతం ఉండాల్లెండి," అన్నాడు.

తీసినవన్నీ బిస్కెట్ల డబ్బాలో వేసి
మూత మీద సుద్దతో రాశాడు:
"మేస్టారమ్మ బండి. బతికున్నవి."

పాతబండ్ల ఊరేగింపుకి పేర్లు రాసుకుంటూ
విశాఖ నుంచి ఒకాయన వచ్చాడు.
బానెట్ ఎత్తాడు, పెళ్ళిచూపుల్లో వంక దొరికినట్టు
మెల్లగా మూశాడు.
"అసలుది ఏముందండీ ఇందులో?"
తవిటయ్య గుడ్డతో చేతులు తుడుచుకుంటూ నాకేసి చూశాడు.
"వారం వారం సాలూరు వెళ్ళొస్తుందండీ," అన్నాను.
ఆయన కాగితంలో దానికి గడి లేదు.

మొన్న కార్తీకంలో
రామభద్రపురం దాటాక, చీకట్లో, బెల్టు తెగింది.
లారీల పంక్చర్ కొట్లో ఓ గుంటడు,
పంతొమ్మిదేళ్ళుంటాయేమో,
టార్చి వేసి లోపలికి వంగాడు.
"ఇదేటి బండి మేడమ్? నానెప్పుడూ సూణ్ణేదు."
వెలుగు అటూ ఇటూ తిరిగి తిరిగి
ఆల్టర్నేటర్ దగ్గర ఆగింది.
"ఓలమ్మ! ఇది మన మారుతీదే కదేటి!"
మేకుకి వేలాడే బెల్టుల్లోంచి ఒకటి లాగి కొలత చూశాడు.
ముఖం తెలియని ఇంట్లో
మేనత్త కనబడ్డవాడిలా ఉన్నాడు.

పదిహేను నిమిషాలు. నూట ఎనభై రూపాయలు.
టీ కూడా వాడే తెప్పించాడు.

తెగిన బెల్టుని వాడికే వదిలేశాను,
గేదె మెడకి పనికొస్తుందన్నాడు.
తాళం తిప్పాను.
బల్లి పలికింది.